ఆ ఇద్దరినీ విడదీయను

నాలుగేళ్ల క్రితం ఒక కథ రాసి ఒక పత్రికకు పంపాను. అందులో ఇద్దరు స్త్రీలు. ఒకే జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్లు, పదకొండేళ్లుగా స్నేహితులు. ఒకామె లెక్కలు చెబుతుంది, రెండో ఆమె తెలుగు చెబుతుంది. ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు, కొవ్వొత్తి వెలుగులో పరీక్ష పేపర్లు దిద్దుతున్న లెక్కల టీచరు కళ్లజోడును తెలుగు టీచరు అడగకుండానే తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ తానే పెడుతుంది. పదకొండేళ్లుగా చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం ఆమె చేతులు చెవుల దగ్గర కొద్దిసేపు ఆగిపోతాయి. ఇద్దరికీ సంగతి అర్థమవుతుంది. ఆ తరువాత వాళ్లు భయపడతారు, పోట్లాడుకుంటారు, ఒక వేసవి సెలవులంతా మాటలు మానేస్తారు, చివరికి ఇద్దరూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. కథ అంతే.

వారం తిరక్కుండానే సంపాదకుడు ఫోన్ చేశారు. "అమ్మా, కథ చాలా బాగుంది, ఆ కళ్లజోడు సన్నివేశం మరీ బాగుంది. కానీ చివర్లో ఇద్దరూ అలా హాయిగా ఉండిపోతే పాఠకులు ఒప్పుకోరు. ఒకామెకు పెళ్లయిపోయినట్టు మార్చండి, రెండో ఆమె బస్టాండులో నిలబడి చూస్తున్నట్టు ముగించండి, వచ్చే నెలలోనే వేసేద్దాం" అన్నారు. ఆయన ఎంతో మర్యాదగా, నా మేలు కోరే మాట్లాడారు. నేను మార్చలేదు, కథ అచ్చు కాలేదు.

ఆయన మీద కోపంతో ఇది రాయడం లేదు. ఆయన అడిగిన మార్పు ఎంత పాతదో తెలిసినందువల్ల రాస్తున్నాను. 1952లో అమెరికాలో మారిజేన్ మీకర్ అనే యువతి, విన్ ప్యాకర్ అనే మారుపేరుతో, కాలేజీ హాస్టల్లో ప్రేమలో పడిన ఇద్దరు అమ్మాయిల గురించి 'స్ప్రింగ్ ఫైర్' అనే నవల రాసింది. ముగింపు సుఖాంతంగా ఉండకూడదని ప్రచురణకర్తలు ముందే షరతు పెట్టారు. పుస్తకాలు పోస్టులో వెళ్లాలి, ఇలాంటి ప్రేమను మెచ్చుకున్నట్టు కనిపిస్తే తపాలా శాఖ వాటిని పట్టుకుంటుంది, అదీ వాళ్ల భయం. అందుకని చివరికి ఒక అమ్మాయికి మతి చలిస్తుంది, రెండో అమ్మాయి తాను ఆమెను ఎన్నడూ ప్రేమించనే లేదని తేల్చుకుంటుంది. అలా వచ్చిన ఆ పుస్తకం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అన్ని లక్షల మంది కొన్నారంటే, ఆ అమ్మాయిల కోసం ఎందరు ఎంతగా వెతుక్కున్నారో ఊహించుకోవచ్చు. వాళ్లందరి చేతికీ చివరకు అందింది ఆ శిక్షే.

అదే ఏడాది ప్యాట్రిషియా హైస్మిత్ కూడా మారుపేరుతోనే 'ద ప్రైస్ ఆఫ్ సాల్ట్' ప్రచురించింది. అందులో ఒక దుకాణంలో బొమ్మలమ్మే అమ్మాయి, విడాకుల తగాదాలో ఉన్న మరో స్త్రీ ప్రేమించుకుంటారు. ఆ పెద్దామె కన్నకూతురికి దూరం కావలసి వస్తుంది. అయినా ఆఖరి పేజీలో ఆ ఇద్దరూ మళ్లీ ఒకరినొకరు చేరుకుంటారు. ఆ చేరుకోవడం కోసం కృతజ్ఞతలు చెబుతూ పాఠకులు ఆ మారుపేరుకు నెలల తరబడి ఉత్తరాలు రాశారు. రచయిత్రి తన సొంత పేరుతో ఆ నవలను బయటపెట్టింది 1990లో, అంటే ముప్పై ఎనిమిదేళ్లు గడిచాక. (ఈ రచయిత్రులిద్దరూ తరువాతి కాలంలో కొన్నాళ్లు కలిసి జీవించారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను.) 1973లో నయాడ్ ప్రెస్ వంటి స్త్రీల ప్రచురణ సంస్థలు మొదలయ్యాక గానీ అక్కడ ఇలాంటి నవలలకు ఒక అల్మరా అంటూ ఏర్పడలేదు.

మన దేశంలో దారి వేరుగా నడిచింది. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూలో 'లిహాఫ్' రాసినందుకు లాహోర్ కోర్టులో అశ్లీలత కేసు ఎదుర్కొని గెలిచింది. ఆమె ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ కథలో బేగం మరో స్త్రీని చేరుకునేది భర్త పట్టించుకోని కారణంగా. 1996లో దీపా మెహతా తీసిన 'ఫైర్' సినిమాలోని తోడికోడళ్లిద్దరూ కూడా భర్తలు నిర్లక్ష్యం చేసిన వాళ్లే. 1998లో ఆ సినిమా ఆడుతున్న థియేటర్ల మీద ముంబైలోనూ ఢిల్లీలోనూ దాడులు జరిగాయి కాబట్టి దాన్ని విమర్శించాలంటే నాకు మనసొప్పదు, పైగా చివరికి ఆ ఇద్దరూ బతికి బయటపడతారు. అయినా ఒక మాట అనక తప్పదు. భర్త మంచివాడైతే ఆ స్త్రీ ఇటు చూసేదే కాదు అన్న అర్థం ఇలాంటి కథల్లో ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. దొరకని అన్నానికి బదులు తిన్న అటుకులుగా ఈ ప్రేమను చూపించడం నాకు కష్టంగా ఉంటుంది. నా టీచర్లిద్దరూ ఎవరి మీదా అలిగి ఒకరి దగ్గరకు ఒకరు రాలేదు. పదకొండేళ్లు ఒకరి క్యారేజీ ఒకరు తిని, ఒకరి తల్లి ఆస్పత్రిలో ఉంటే మరొకరు రాత్రి కాపలా ఉండి, అలా వచ్చారు.

నాకు ఈ సాహిత్యంలో అన్నిటికన్నా విలువైనది ఆ స్నేహమే. మామూలు ప్రేమ నవలలో నాయికా నాయకులు అపరిచితులుగా ఎదురుపడి, అపార్థాల మీద నడిచి, పెళ్లి దగ్గర ఆగుతారు. వాళ్లు స్నేహితులవుతారో లేదో మనకు తెలిసేలోగా నవల అయిపోతుంది. ఇద్దరు స్త్రీల ప్రేమకథ తరచుగా అవతలి ఒడ్డు నుంచి బయలుదేరుతుంది. ఒకరికి జ్వరం వస్తే ఏం తింటుందో, ఏ మాట అంటే మొహం చిన్నబుచ్చుకుంటుందో రెండో ఆమెకు ముందే తెలుసు, తెలియనిదల్లా తన మనసు మాత్రమే. చెబితే ప్రేమ దక్కకపోవడమే కాదు, ఉన్న స్నేహం కూడా పోతుందేమోనన్న భయం ఆ కథల్లో ప్రతి పేజీలోనూ కొట్టుకుంటూ ఉంటుంది. అంత భయాన్ని మోయగలిగిన ప్రేమకథలు నేను వేరే చోట ఎక్కువగా చదవలేదు.

ఇది తెలుగుకు కొత్తగా నేర్పవలసిన విద్య కూడా కాదు. మన ప్రబంధాల్లో నాయికకు విరహం కమ్మితే చందనం పూసేది, తామరాకులతో విసిరేది, ఆమె తరఫున చంద్రుణ్ణి తిట్టేది చెలికత్తెలే. ఎక్కడో ఉన్న రాజుగారి కోసం ఆమె వేగిపోతుంటే, రాత్రంతా మేలుకుని ఆ ఒంటి వేడిని చేత్తో తెలుసుకున్నది పక్కనున్న చెలి. నేను పెరిగిన కాలపు వారపత్రికల సీరియల్స్‌లో ఆ చెలే ఉత్తరాలు మోసే స్నేహితురాలైంది. ఆమెకు ఏం కావాలో ఎవరూ అడగలేదు. ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను కలుసుకుని మాట్లాడుతుంది. అంత గొప్ప స్నేహాన్ని రాసుకున్న భాషకు ఇంకొక్క అడుగు దూరం కాదు. మాటల్లోనే చూడండి. 'చెలి' అంటే స్నేహితురాలు, 'చెలి' అంటే ప్రియురాలు. 'సఖి' కూడా అంతే. పురుషుడు తన ప్రియురాలిని 'చెలీ' అని పిలిస్తే మనకు పాటలా వినిపిస్తుంది, స్త్రీ తన స్నేహితురాలిని అదే మాటతో పిలిస్తే ముచ్చటగా అనిపిస్తుంది, ఆమెకు ఆ రెండు అర్థాలూ ఒకేసారి కావలసి వచ్చినప్పుడు మాత్రం పత్రికలు 'స్వలింగ సంపర్కం' అనే మాటను తెచ్చి ముందు పెడతాయి. దాంపత్యాన్ని మనం ఏనాడూ సంపర్కం అని పిలవలేదు కదా. పదకొండేళ్ల స్నేహానికి, కళ్లజోడు తుడిచిన కొంగుకు ఆ మాట సరిపోదు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి మీద నాకున్నది స్నేహం ఒక్కటే కాదని తెలిసింది. తెలిసిందన్న సంగతి చెప్పుకోవడానికి నా దగ్గర మాట లేదు, కథ లేదు. ఆమె పెళ్లికి పూలజడ కుట్టింది నేనే. తెల్లవారుజామున నాలుగింటికి, తడి అరటినార మీద మల్లెమొగ్గలు వరసగా పేర్చి, సూది గుచ్చుకున్న వేలిని చీర కుచ్చిళ్లలో దాచుకుని కుట్టాను. ఎంత బాగా కుట్టావే అని వాళ్లమ్మ నా తల నిమిరింది. అలా ముగిసే కథ నాకు బాగా తెలుసు కాబట్టే, అదొక్కటే నిజమైన ముగింపు అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

అది వాస్తవానికి దగ్గరగా ఉంటుందని ఆ సంపాదకుడు అన్నారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదని చెప్పింది, 2023 అక్టోబరు 17న వీళ్ల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. ఇళ్లల్లో జరిగేది ఈ రెండు తీర్పుల కన్నా కఠినంగా ఉంటుందని నాకు తెలుసు. అయితే పేదింటి అమ్మాయిని పెద్ద కారులో వచ్చిన జమీందారు బిడ్డ పెళ్లి చేసుకునే సీరియళ్లను దశాబ్దాల పాటు ప్రేమగా చదివిన మనం, అక్కడ అడగని వాస్తవాన్ని ఇద్దరు టీచర్ల అద్దె ఇంటి దగ్గర ఎందుకు అడుగుతున్నాం? కలిసి బతుకుతున్న స్త్రీలు మన ఊళ్లలోనూ ఉన్నారు. చుట్టుపక్కల వాళ్లు అక్కాచెల్లెళ్లనో, స్నేహితురాళ్లనో అనుకుంటూ ఉంటారు, అంతే.

ఇలాంటి కథలు వస్తే ఆడపిల్లల స్నేహాలన్నిటినీ అనుమానంగా చూస్తారని ఒక స్నేహితురాలు బాధపడింది. ఆమె భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. స్నేహం స్నేహంగానే నిండుగా ఉంటుంది, అది ప్రేమగా మారనంత మాత్రాన కొరతపడదు. కానీ ఆ అనుమానాన్ని పుట్టించేది నా కథ కాదు, ఈ ప్రేమ సిగ్గుపడవలసినదన్న నమ్మకం. అది సిగ్గుపడవలసినది కాకపోతే, ఇద్దరమ్మాయిలను చూసి వాళ్లు ప్రేమికులేమో అనుకున్నందువల్ల వాళ్లకు వచ్చే నష్టం ఏముంది?

అచ్చు కాని ఆ కథను తెలిసిన వాళ్లకు చదవమని పంపుతూ ఉంటాను. మొన్న ఒక అమ్మాయి చదివి, అర్ధరాత్రి దాటాక సందేశం పెట్టింది. "అక్కా, ఆ ఇంటి యజమాని తరువాత ఖాళీ చేయమన్నాడా? వాళ్లు సొంత ఇల్లు కొనుక్కున్నారా?" అని అడిగింది. నేను అంత దూరం ఆలోచించలేదు. ఇప్పుడు రెండో భాగం రాస్తున్నాను. లెక్కల టీచరు బ్యాంకు లోను లెక్కలు కట్టింది, తెలుగు టీచరు దస్తావేజులోని అక్షర దోషాలు దిద్దింది, ఇద్దరి పేర్ల మీదా రిజిస్ట్రేషన్‌కు రోజు కుదిరింది. సాక్షి సంతకాలకు ఎవరిని పిలవాలా అని ఇద్దరూ వరండాలో కూర్చుని, తమ సంగతి తెలిసిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటున్నారు.