సవరణ: పేరు గడిలో 20 చాలదు

ఒడిశాలోని బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు ఫారాలు తయారుచేసే ప్రోగ్రామర్ల కోసం పెట్టిన టపాలో, ఇంగ్లీషు పేరుకి ఇచ్చే 20 అక్షరాల పరిమితే తెలుగు, ఒడియాలకూ సరిపోతుందని ఉంది. సరిపోదు.

పర్లాకిమిడి కంటికి ఐదు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో 11 కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకి ఇచ్చిన సంఖ్యలు): హల్లు, పొల్లు, గుణింతం గుర్తు అన్నీ విడివిడి. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 33. అందుకే లెన్ (పొడవెంత) అని అడిగితే పైథాన్ భాష 11 అంటుంది, గో భాష 33 అంటుంది.

అసలు దెబ్బ డేటాబేసులో. మైఎస్‌క్యూఎల్‌లో గడి పొడవు చెప్పే వార్‌చార్(20) అంటే 20 కోడ్ పాయింట్లు. ఒరాకిల్‌లో వార్‌చార్2(20) అంటే, సెట్టింగు మార్చకపోతే, 20 బైట్లు. బరంపురం 21 బైట్లు, ఆ చిన్న పేరు కూడా ఎక్కదు, ఎర్రర్ వస్తుంది. అక్కడ '20 చార్' అని రాయాలి. ఊరి పేర్లకైతే '100 చార్' పెట్టడం మేలు.

పొడుగు పేరుని సబ్‌స్ట్రింగ్‌తో (ఇన్ని కోడ్ పాయింట్లని లెక్కపెట్టి) కోయకండి, పొల్లు దగ్గర తెగి 'పర్' మిగులుతుంది. జావాస్క్రిప్టులో అయితే, కంటికి కనిపించే అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడండి.

ఒడియాలో ఇంకో చిక్కుంది. 'ఒడియా' అనే మాటలోనే ఉన్న చుక్క డ రెండు రకాలుగా టైపవుతుంది: ఒకే కోడ్‌గా, లేదా డ, చుక్క వేరువేరుగా. చూపుకి ఒకటే, వెతికితే దొరకదు. దాచేముందే, వెతికేముందే ఎన్‌ఎఫ్‌సీకి (రెండు రకాల్నీ ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతికి) మార్చండి.