ఆ డిసెంబరు కోతలు ఎవరు కోయించారు?

యుద్ధకాలంలో స్త్రీల శ్రమ అనగానే అందరూ గుజరాత్‌లోని భుజ్‌ను తలుచుకుంటారు. 1971 డిసెంబరులో పాకిస్థాన్ బాంబులకు దెబ్బతిన్న అక్కడి రన్‌వేను మాధాపర్ గ్రామానికి చెందిన దాదాపు 300 మంది మహిళలు 72 గంటల్లో బాగుచేశారు. ఆ సాహసాన్ని ఎంత కీర్తించినా తక్కువే. అయితే అదే డిసెంబరులో కృష్ణా డెల్టాలో వరి కోతకొచ్చి ఉంది. సరిహద్దులో ఉన్న జవానుకు సెలవు లేదు, పండిన చేను ఆగదు. కూలీలను మాట్లాడుకోవడం, పనలు ఆరాక కట్టించి కుప్ప వేయించడం, మబ్బు పడితే పరుగులు తీయడం, నూర్పిళ్లయ్యాక కౌలు కొలిచి, అప్పుకు జమ వేసి, మిగిలిన గింజలు గాదెకెత్తించడం దాకా అన్నీ ఇల్లాలి నెత్తినే పడ్డాయి. పొలం పట్టా భర్త పేరునో మామ పేరునో ఉంటే ఆమెకు చేబదులు పుట్టడమూ కష్టమే. పోస్ట్‌మ్యాన్ తెచ్చింది మనియార్డరైతే ఊరట, తంతి (టెలిగ్రాం) అయితే గుండె జారేది.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ భారం ముందుగా వంటింటి మీదే పడింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశం కావడంతో బర్మా బియ్యం, కిరసనాయిలు రావడం ఆగిపోయాయి. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపై బాంబులు పడ్డాయి. ఆ కొరతలో ఇల్లు నెట్టుకొచ్చిన తెలివికి ఏ లెక్కా లేదు. ప్రభుత్వాలకేమో స్త్రీల శ్రమ అవసరానికి మాత్రమే గుర్తొచ్చింది: బొగ్గుగనుల భూగర్భంలో స్త్రీల పనిపై ఉన్న నిషేధాన్ని 1943లో ఎత్తివేసి, 1946లో మళ్లీ విధించారు. నిషేధం సబబే కావచ్చు. బొగ్గు కావలసినన్నాళ్లూ కనిపించని ప్రమాదం, యుద్ధం ముగిశాక కనిపించడమే విడ్డూరం.

రన్‌వే మరమ్మతును గంటల్లో కొలవవచ్చు కనుక అది చరిత్రకెక్కింది. సేద్యం, సంసారం నడపడం రోజువారీ పని కనుక ఎక్కలేదు. 1971లో ఇరవయ్యేళ్ల ఇల్లాలికి ఇప్పుడు డెబ్బయి దాటాయి. ఆమె మాట నమోదు చేసుకోవడానికి మిగిలిన వ్యవధి తక్కువ. విజయవాడ, గుంటూరు ప్రాంతాల మాజీ సైనికుల కుటుంబాల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఉంటాయి. చరిత్ర చదివే విద్యార్థులు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఈ రెండు సంస్థలూ కలిసి, ఆ కుటుంబాల సమ్మతితో, వచ్చే విద్యా సంవత్సరంలోనే పని మొదలుపెట్టాలి. వీరగాథలు అడగనక్కర్లేదు, అరక ఎవరు కట్టారు, నగ ఎక్కడ తాకట్టు పెట్టారు, ఉత్తరం ఎవరు చదివి పెట్టారు అని అడగాలి. ఇందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. బృందానికో రికార్డరు, బస్సు ఛార్జీలు ఇస్తే సరిపోతుంది.