రాజీవ్ గాంధీ పార్కు లెక్కలోకి రాదట!

విజయవాడ బస్టాండుకు దగ్గర్లో, కృష్ణ ఒడ్డున రాజీవ్ గాంధీ పార్కు ఉంది. రాజీవ్ గాంధీ కూడా హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో దూరాల వాళ్లతో సరదాగా మాట్లాడుకోవడం) మనిషేనని, ఆయన కాల్‌సైన్, అంటే రేడియోలో ఆయన గుర్తింపు పేరు, వీయూ2ఆర్‌జీ అని ఆ పార్కులో నడిచేవాళ్లలో ఎంతమందికి తెలుసో! మా బాబాయ్‌కి, మా పెదనాన్న కొడుక్కి మాత్రం తెలుసు. ఇద్దరికీ లైసెన్సు ఉంది. ఇద్దరికీ పడదు.

గొడవ ఒక ఆట గురించి. రేడియో సెట్టు, బ్యాటరీ, యాంటెన్నా తీగ సంచిలో వేసుకుని ఏదైనా పార్కుకెళ్లి, అక్కణ్నుంచి ఒకే రోజులో కనీసం 10 మంది హ్యామ్‌లతో మాట్లాడితే ఆ పార్కును యాక్టివేట్ చేసినట్టు. పేరు పార్క్స్ ఆన్ ది ఎయిర్, పొట్టిగా పోటా. (2002లో వచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టాన్నీ పోటా అనేవాళ్లు. 2004లో అది రద్దయింది గానీ, పోలీసాయన అడిగితే మాత్రం "పోటా చేస్తున్నామండీ" అనకండి.) కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే పార్కులు, అభయారణ్యాలు, చారిత్రక స్థలాలే ఇందులో లెక్కకొస్తాయి. మునిసిపల్ పార్కులు రావు. రాజీవ్ గాంధీ పార్కు కార్పొరేషన్‌ది.

ఆ పార్కులోనే ఒక వేపచెట్టు కింద వాళ్లిద్దరూ పోట్లాడుకున్న మాటలివి. అబ్బాయి అంటే మా పెదనాన్న కొడుకు. నేను బాబాయ్ పక్షం. ముందే చెప్పేస్తున్నా.

అబ్బాయి: పోయిన ఆదివారం ఇదే వేపచెట్టు కింద కూర్చుని 14 మందితో మాట్లాడాను బాబాయ్. పది వాట్ల సెట్టుతో ఇండోనేషియా వాడు దొరికాడు. తీరా చూస్తే ఈ పార్కు జాబితాలోనే లేదు. వీయూ2ఆర్‌జీ పేరు మీదున్న పార్కు హ్యామ్‌ల ఆటలో చెల్లదంటే నవ్వాలా ఏడవాలా?

బాబాయ్: పేరుతో పనేంట్రా? మీ వీధి చివర కిళ్లీకొట్టుకి ఎన్టీఆర్ పేరుంది. వాడేమన్నా సినిమాలు తీస్తున్నాడా?

అబ్బాయి: పేరు వదిలెయ్. నదులకైతే ఒడ్డు నుంచి 30 మీటర్ల లోపు కూర్చుంటే చాలని రూల్ ఉందిగా. ఎదురుగా కృష్ణమ్మ ఉంది.

బాబాయ్: అది ఆ నదినే రక్షిత స్థలంగా ప్రకటించి జాబితాలో పెట్టినప్పుడు. ఊళ్లో పారే ప్రతి నదికీ కాదు. అలాగైతే ఏలూరు కాలవ గట్టున కూర్చుని కూడా చేస్తావు.

అబ్బాయి: చేస్తాను. తప్పేంటి? అదీ జనం స్థలమేగా. ఇంకో మాట అడుగుతాను చెప్పు. ఈ పార్కు కింద ఉన్న భూమి ఎవరిది? కార్పొరేషన్ ఏమన్నా కొనుక్కుందా? ప్రభుత్వ భూమిలో కార్పొరేషన్ మొక్కలు పెంచుతోంది. మరి రాష్ట్రానిది కాదని ఎలా అంటారు?

బాబాయ్: భూమి ఎవరిదని కాదురా, ఎవరు నడుపుతున్నారని చూస్తారు. ఇది ఎక్కణ్నుంచి మొదలైందో చూడు. 2016లో అమెరికా నేషనల్ పార్క్ సర్వీసుకి నూరేళ్లు నిండాయి. అక్కడి హ్యామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ ఆ ఏడాదంతా నేషనల్ పార్కుల నుంచి రేడియో పండగ పెట్టింది. పది లక్షలకు పైగా కాంటాక్టులు జరిగాయి. ఏడాది అయిపోయాక జనానికి చేతులు ఊరుకోక, కొందరు వాలంటీర్లు పోటా మొదలెట్టారు. జీతం లేని మనుషులు వాళ్లు. ఎక్కడో కూర్చుని ప్రపంచంలోని పార్కులన్నీ జాబితా రాయాలంటే ఏదో ఒక గీత గియ్యాలిగా. రాష్ట్రం, కేంద్రం అని గీశారు. అభయారణ్యమంటే గెజిట్ ఉంటుంది, హద్దులుంటాయి, ఎవడైనా తీసి చూసుకోవచ్చు. ఇక మునిసిపాలిటీ సంగతి చూడు. మన బెజవాడలో పార్కంటే ఏంటి? డివైడర్ మీద నాలుగు క్రోటన్ మొక్కలు నాటి బోర్డు పెడితే పార్కు. కాలనీ వాళ్లు తాళం వేసుకుని చెవి సెక్రటరీ జేబులో పెట్టుకున్నదీ పార్కే. శంకుస్థాపన రాయి తప్ప ఇంకేమీ లేనిదీ పార్కే. ఇవన్నీ ఎక్కిస్తే నువ్వు ఇల్లు కదులుతావా? బాల్కనీలోంచి తీగ ఎదురు పార్కులోకి వేలాడదీసి "యాక్టివేట్ చేశా" అంటావు. నీ సంగతి నాకు తెలీదా!

అబ్బాయి: మనిషీ, సామానూ మొత్తం హద్దు లోపలే ఉండాలని ఇంకో రూల్ ఉందిగా. బాల్కనీ ఎలాగూ కుదరదు.

(ఇక్కడ బాబాయ్ టీ గ్లాసు వైపు చూశాడు. దెబ్బ తగిలింది.)

అబ్బాయి: అసలు సంగతి నేను చెప్తాను విను. ఆ గీత అమెరికా మ్యాపు చూసి గీసింది. వాళ్లకి స్టేట్ పార్కంటే కారు లోపల పెట్టుకుని, చెక్కబల్ల మీద సెట్టు పరుచుకునే చోటు. మనకి రాష్ట్రం చేతిలో ఉన్నదంటే ఎక్కువగా అడవి. 1972 వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ఎవరు పడితే వాళ్లు పోకూడదు. 28వ సెక్షన్‌లో పర్మిట్ దేనికిస్తారో రాశారు. జంతువుల అధ్యయనానికి, ఫొటోలకు, శాస్త్ర పరిశోధనకు, టూరిజానికి, లోపల ఉండేవాళ్లతో పనులకు. రేడియో మాట ఎక్కడుంది? టూరిస్టునని చెప్పి వెళ్లి చెట్టుకి తీగ కట్టి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, "సీక్యూ సీక్యూ" (ఎవరన్నా ఉన్నారా అని పిలుపు) అని కోడ్ భాషలో మాట్లాడితే రేంజర్ ఏమనుకుంటాడు? లైసెన్సు చూపించేసరికి సాయంత్రమవుతుంది. వారమంతా డ్యూటీ చేసి ఆదివారం మూడు గంటలు దొరికేవాడికి నువ్విచ్చే పబ్లిక్ ల్యాండ్ ఇదా? జనం పోలేని చోటు పబ్లిక్ అట, పొద్దున్నే వెయ్యిమంది నడిచే చోటు కాదట!

బాబాయ్: ...అది నిజమేరా. అడవికి పోవడం తేలిక కాదు.

అబ్బాయి: ఇంకోటి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్ మీద పడింది. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. అలాంటప్పుడు పనికొస్తుందనేగా ఈ విద్య! మరి ప్రాక్టీసు ఊళ్లో చెయ్యాలా, పులులున్న చోట చెయ్యాలా?

బాబాయ్: ప్రాక్టీసు చెయ్యొద్దని ఎవడన్నాడు? మునిసిపల్ పార్కులో సెట్టు పెట్టకూడదని పోటా రూల్ ఏమీ లేదు. లెక్కలోకి రాదు, అంతే. బుడమేరు వచ్చినప్పుడు నీకు పాయింట్లు ఎవడిస్తాడు? ఆ పని పాయింటు లేకుండా చెయ్యాల్సిందే. నువ్వడుగుతున్నది ప్రాక్టీసు కాదురా, సర్టిఫికెట్.

అబ్బాయి: సర్టిఫికెట్లు గోడకి తగిలించుకున్నది నువ్వు!

బాబాయ్: అవి ఒక్కొక్కటీ నోటితో మాట్లాడి, చుక్కలు గీతల మోర్సు కోడ్ కొట్టి తెచ్చుకున్నవి. నీలాగ కంప్యూటర్ ముందు చాయ్ తాగుతూ, అదే పొట్టి సందేశాలు పంపి అందుకునే ఎఫ్‌టీ8 పెట్టి...

అబ్బాయి: ఎఫ్‌టీ8ని ఏమన్నా అంటే ఊరుకోను. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో జో టేలర్ ఫిజిక్సులో నోబెల్ తీసుకున్నాయన.

బాబాయ్: ఆయన తీసుకున్నాడు. నువ్వు మౌస్ నొక్కావు. అవతల వాడి గొంతైనా విన్నావా? ఊరు పేరు, వర్షం పడుతోందా, భోంచేశావా, ఏమన్నా ఉందా అందులో? అదొక మనీయార్డరు.

అబ్బాయి: మనీయార్డరుతోనే ఇళ్లు నడిచాయి. ఐదు వాట్లతో, సిగ్నల్ చెవికి వినపడనప్పుడు కూడా అవతలికి చేరుతుంది. నీ మోర్సు చేరుతుందా?

(దీని మీద ఇంకో పావుగంట నడిచింది. తెల్లవారుజామున మొదలెట్టి ఐదున్నర లోపు ఏడు, ఆ తర్వాత మూడు కాంటాక్టులు చేస్తే పది కాదనీ, ఆట రోజు యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే గడియారం) ప్రకారం మనకు ఉదయం 5:30కి మారుతుందనీ బాబాయ్ మధ్యలో దెప్పిపొడిచాడు. అలా ఒకసారి అబ్బాయి కష్టమంతా రెండు తేదీల కింద చీలిపోయి రెండింటికీ కాకుండా పోయింది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఆ మాటలు ఇక్కడ రాయను.)

బాబాయ్: సరే విను. గీత మార్చమని వాళ్లనడిగే ముందు, మన ఊరి చుట్టూ గీతకి ఇవతల ఏముందో చూశావా? బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. కేంద్ర పురావస్తు శాఖవి. పులీ లేదు, పర్మిట్ కోసం అడవి ఆఫీసూ లేదు. ఇటు కొండపల్లి ఖిల్లా ఉంది, రాష్ట్రానిది. జాబితాలో లేకపోతే కాయితాలు జతచేసి ఎక్కించమని అడగొచ్చు. నువ్వొక్క ఉత్తరమన్నా రాశావా?

అబ్బాయి: అక్కడ స్టాండు కెమెరాకే అనుమతి కావాలంటారు. తీగ ఎత్తి కట్టే నా గాలం కర్ర చూస్తే ఊరుకుంటారా?

బాబాయ్: అడుగు. రాతికి మేకు కొట్టనని, కర్ర నేలమీదే నిలబెడతానని, గంటలో తీసేస్తానని రాసివ్వు. కాదంటే అప్పుడు నాతో పోట్లాడు. అడక్కుండానే కాదన్నారని రూల్‌ని తిడతావేంటి?

అబ్బాయి: అడుగుతాను. ఒకవేళ వాళ్లు కాదంటే, కార్పొరేషన్ పార్కుల కోసం పోటా వాళ్లకి రాస్తాను. నువ్వు సంతకం పెట్టాలి.

బాబాయ్: పెట్టను. కానీ ఉత్తరంలో తప్పులుంటే దిద్దుతాను.

అప్పటికి ఎండెక్కింది. అబ్బాయి తీగ దించబోయాడు. పొద్దున రాయి కట్టి కొమ్మ మీదకి విసిరిన నైలాన్ దారం రెండు రెమ్మల మధ్య బిగుసుకుపోయి రావడం లేదు. వాచ్‌మన్ వచ్చి కాసేపు చూశాడు.

"ఏంటండీ ఆ తీగ? కరెంటా?"

"కాదండీ, రేడియో."

"పాటలొస్తాయా?"

బాబాయ్ ఏదో చెప్పబోయి మానేశాడు. వాచ్‌మన్ లోపలికెళ్లి పొడుగాటి గెడ పట్టుకొచ్చి అబ్బాయి చేతికిచ్చాడు.

"కొమ్మ విరగ్గొట్టకండి. మా సారొచ్చి లెక్క చూసుకుంటాడు."