సవరణ: 117 జీవో, ఊరి బడులు

అనంతపురం కలెక్టరేట్ ముందు టీచర్ల ధర్నాల గురించి మొన్న రాసిన పోస్టులో, బడుల్లో తరగతుల సర్దుబాటు కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 117 జీవోతో ఊరి బడులు మూతపడ్డాయని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: 2022 జూన్‌లో వచ్చిన ఆ జీవో బడికి తాళం వేయలేదు. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులను అక్కడికి పంపింది. అలాంటి ఊళ్లలో పాత బడికి చిన్న తరగతులే మిగిలాయి.

అయినా జరిగిన నష్టం చిన్నదేమీ కాదు. అలా మిగిలిన బడుల్లో చాలాచోట్ల ఒక్క టీచరే. అక్షరాలు దిద్దించేదీ, మధ్యాహ్న భోజనం చూసేదీ, యాప్‌లో ఫోటోలు ఎక్కించేదీ ఆయనే. ఆయనకు జ్వరం వస్తే ఆ పూట చదువు లేనట్టే. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది కదా! యూటీఎఫ్, ఎస్టీయూ, ఏపీటీఎఫ్ లాంటి టీచర్ల సంఘాలు ఈ జీవోను వ్యతిరేకించాయి. అందుకే ఆ ధర్నాలను వట్టి జీతాల గొడవే అని కొట్టిపారేయడం అన్యాయం.

ఇంకో సంగతి. ఆ జీవో ఇప్పుడు అమల్లో లేదు, 2025లో రద్దయి కొత్త ఉత్తర్వులు వచ్చాయి. మీ పిల్లల తరగతి ఏ బడిలో ఉందో హెడ్మాస్టరును అడిగి తెలుసుకోండి.