రిలీజ్ చేసే ముందు దీన్ని ఎవరైనా విన్నారా?

కొత్త యాంబియెంట్ (పాటలా కాకుండా వాతావరణంలా వెనక మెల్లగా మోగే సంగీతం) రిలీజ్‌లు గుట్టలుగా వచ్చి పడుతున్నాయి, చాలావాటికి ఆర్టిస్ట్ పేరు కూడా గుర్తుండదు, నిద్ర అనో చదువు అనో ప్లేలిస్ట్ పేరు చూసి నొక్కేస్తాం, అంతే. దీనికంతటికీ ఏఐ కారణం అని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ నేను పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే ఈ జానర్‌కి మెషీన్ కొత్తేం కాదు.

1978లో ఈ జానర్‌కి పేరు తెచ్చిన మ్యూజిషియన్ బ్రయన్ ఈనో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో ఒక ట్రాక్ కోసం చేసిందేంటంటే, పాడించిన స్వరాల్ని ఒక్కోదాన్ని ఒక్కో టేప్ లూప్ (కొసలు అతికించి, అదే ముక్క తిరిగి తిరిగి మోగేలా చేసిన టేపు) మీద పెట్టి తిప్పేశాడు. ఒకటి ఇరవై మూడున్నర సెకన్లకోసారి వస్తుంది, ఇంకోటి దాదాపు 26కి, ఇంకోటి దాదాపు 30కి, పొడవులు ఒకదానితో ఒకటి పొసగవు కాబట్టి ఒకసారి కుదిరిన కలయిక మళ్ళీ రావడం మనం చూడం. అంటే వరస కట్టింది మనిషి కాదు, టేపు. కానీ ఏ స్వరాలు, ఎంత లూపు, ఎక్కడ ఆపాలి అన్నది చెవితో తేల్చుకున్నదే. పట్టించుకోకపోయినా నడవాలి, పట్టించుకుంటే మాత్రం లోపల సరుకుండాలి, ఇదీ ఆయన పెట్టుకున్న షరతు. మార్కెట్ మొదటి సగం ఉంచుకుని రెండోది పారేసింది.

ఎందుకు పారేసిందంటే డబ్బు లెక్క అలా ఉంది మరి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్‌గా లెక్కలో పడుతుంది, డబ్బు దాన్నిబట్టే, దాంతో వాన చప్పుడుని చిన్న చిన్న ముక్కలుగా కోసి రాత్రంతా మోగించుకునే బేరం మొదలైంది, 2024లో ఇలాంటి నాయిస్ ట్రాక్‌లు కనీసం 2 నిమిషాలుండాలని రూల్ పెట్టాల్సొచ్చింది. ఇక డీజర్ అనే స్ట్రీమింగ్ సర్వీస్ 2025 ఏప్రిల్‌లో చెప్పిన ప్రకారం రోజూ తమకొచ్చే కొత్త ట్రాక్‌ల్లో 18 శాతం, అంటే 20,000 పైనే, పూర్తిగా ఏఐ చేసినవి. యాంబియెంట్‌లో దూరడం మరీ సులువు, మాటల్లేవు గొంతు లేదు తాళం లేదు, ఎక్కడా దొరికిపోయే చోటే లేదు.

అందుకే ఇప్పుడు కొత్త ఆల్బమ్ ఏదొచ్చినా నాది ఒకటే ప్రశ్న, చేసినవాళ్ళు దీన్ని కూర్చుని విన్నారా అని. ఎలక్ట్రానిక్ మ్యూజిషియన్ టిమ్ హెకర్ ఆల్బమ్ 'నో హైస్' (2023) పెట్టుకుని నిద్రపోండి చూద్దాం, మెత్తగా మొదలైనట్టే ఉంటుంది గానీ కింద ఏదో టిక్కు టిక్కుమంటూ కుదురుగా ఉండనివ్వదు. వన్‌ఓట్రిక్స్ పాయింట్ నెవర్ (ఇది ఒక మ్యూజిషియన్ స్టేజ్ పేరు) ఆల్బమ్ 'ట్రాంక్విలైజర్' (2025) ఇంకా సరదా కేసు, అది పుట్టింది పాత కమర్షియల్ శాంపిల్ సీడీల్లోంచి, పాత ఫైళ్ళు భద్రపరిచే సైట్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నట్టుండి మాయమై మళ్ళీ ప్రత్యక్షమైన కలెక్షన్ అది. శాంపిల్ సీడీ అంటే ఎవరైనా ఎక్కడైనా అతికించుకోడానికి తయారుచేసిన రెడీమేడ్ శబ్దాలే కదా, ఇవాళ మనం ఫిల్లర్ (ఖాళీ నింపే సరుకు) అని తిట్టేదానికి తాతలాంటివి, వాటినే తీసుకుని ఒక్కోటీ కొత్తగా వినిపించేలా చేశాడు. కాబట్టి ముడిసరుకు చవకదైనంత మాత్రాన పోయేదేం లేదు. ఈనో కూడా ఆర్టిస్ట్ బీటీ వూల్ఫ్‌తో కలిసి 2025లో 'ల్యూమినల్', 'లేటరల్' అని రెండు ఒకేసారి వదిలాడు, నాకు రెండోదే ఎక్కింది, ఆ ఖాళీతనం నచ్చింది.

కంపోజర్ కాలీ మలోన్ ఆల్బమ్ 'ఆల్ లైఫ్ లాంగ్' (2024) అసలు ఎలక్ట్రానిక్కే కాదు, పైప్ ఆర్గన్, కోరస్, ఇత్తడి బూరలు, అయినా ఈ జానర్ వాళ్ళంతా విన్నారు. ఆర్గన్ ఒక కార్డ్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) పట్టుకుని చాలాసేపు వదలదు, దగ్గర దగ్గర ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గాల్లో చిన్న అలలా ఒక కదలిక మొదలవుతుంది, అది ఎవరూ మీట నొక్కి వాయించింది కాదు. వాల్యూమ్ బాగా తగ్గించి బ్యాక్‌గ్రౌండ్‌లో పడేస్తే ఆ అల పోతుంది, ఫ్రిజ్ మోత ఒక్కటే మిగుల్తుంది.