మా ఇంటి విద్యాశాఖ వారి విజ్ఞప్తి

తెలుగువాళ్లు పిల్లల గురించి అడిగే ప్రశ్నలు రెండే. ఏ క్లాసు, ఏ స్కూలు. మూడో ప్రశ్నని పెళ్లీడు వచ్చేదాకా వాయిదా వేస్తారు. మా ఇద్దరినీ బడి మాన్పించి రెండేళ్లు దాటింది కాబట్టి నాకు మొదటి ప్రశ్న దగ్గరే నోరు తడబడుతుంది. పెద్దదానికి పదకొండేళ్లు. లెక్కల్లో ఏడో తరగతి, హిందీలో రెండు, వాదనలో ఎల్‌ఎల్‌బీ ఫైనలియర్. చిన్నోడికి ఏడు. వాడు ఏ తరగతో వాడినే అడగాలి, పొద్దునొకటి సాయంత్రమొకటి చెప్తాడు. "స్కూలుకి పంపట్లేదండీ, ఇంట్లోనే" అనగానే అవతలి ముఖంలో ముందు జాలి, ఆ వెనకే అనుమానం, ఆఖర్న గొంతు తగ్గించి, "ఏమైనా ప్రాబ్లమా?"

ఉంది. కాకపోతే పిల్లలకి కాదు. అందుకే ఈ విజ్ఞప్తి. ఇంటి బడి అనే ఈ మహోద్యమంలో తల్లిదండ్రులకి కూడా దసరా సెలవులు, వేసవి సెలవులు, మరీ తట్టుకోలేనివాళ్లకి టీసీ ఇప్పించే ఏర్పాటు వెంటనే చెయ్యాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. సంబంధిత అధికారి ప్రస్తుతం వంటింట్లో ఉంది. అందువల్ల ఇది బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను.

అసలు ఎందుకు మాన్పించామంటే, నాలుగో తరగతి పిల్లకి ఐఐటీ ఫౌండేషన్ అని ఒక పీరియడ్ పెట్టారు. పునాది అన్నాక తవ్వుతారు, తవ్విన మట్టి ఎక్కడో ఒకచోట పొయ్యాలి, అదంతా మా పిల్ల నెత్తినే పోస్తున్నారేమో అనిపించింది. రాత్రి పదింటికి హోంవర్కు రాస్తూ రాస్తూ డైనింగ్ టేబుల్ మీదే నిద్రపోయేది. (మిగతా సగం నేను పూర్తి చేసేవాణ్ణి. ఒకసారి నాకు 'గుడ్' కూడా వచ్చింది.) ఇక చాలు, మన పిల్లల్ని మనమే ఆడుతూ పాడుతూ, ఏ గంటా ఏ గోలా లేకుండా చదివించుకుందాం అని ఒక ఆదివారం రాత్రి తీర్మానించాం.

సోమవారం పొద్దున నేను లేచేసరికి మా ఆవిడ టైంటేబుల్ వేసేసింది.

పీరియడ్‌కి నలభై నిమిషాలు, ఇంటర్వెల్ పది, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో రంగు. మంగళవారం లామినేషన్ మిషన్ వచ్చింది. బుధవారానికి ఇంట్లో లామినేట్ కాని కాగితం కరెంటు బిల్లు ఒక్కటే మిగిలింది, శుక్రవారానికి అదీ అయిపోయింది. మరి బెల్లేదీ అని చిన్నోడు అడిగాడు. పూజగదిలో గంట తెచ్చి కొట్టడం మొదలుపెట్టాం. నాలుగు రోజులు ఓపిక పట్టి మా అమ్మ, "నైవేద్యం పెట్టారో సోషల్ అయిపోయిందో ఆ దేవుడికే అర్థం కావట్లేదు, గంట గదిలో పెట్టండి" అని ఆర్డరేసింది. ఇప్పుడు స్టీలు పళ్లెం, గరిటె. మా ఆవిడ ప్రిన్సిపాల్. అమ్మ కరస్పాండెంటు, అంటే పని ఉండదు, పెత్తనం ఉంటుంది. నేను పీటీ సారు, అటెండరు, డ్రైవరు, మళ్లీ ఫీజు కట్టే పేరెంటుని కూడా నేనే. ఆలస్యంగా లేస్తే గుమ్మం బయట నిలబడేది నేనే.

ఇదంతా కాదు, పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేస్తే వాళ్లే నేర్చుకుంటారు అనే సిద్ధాంతం ఒకటుంది. అమెరికాలో జాన్ హోల్ట్ అనే పెద్దమనిషి దానికి 'అన్‌స్కూలింగ్' అని పేరు పెట్టి, 1977లో దానికోసం ఒక పత్రికే మొదలుపెట్టాడు. ఆ సంగతి నేను చాలా గొప్పగా మా నాన్నకి ఫోన్లో వివరిస్తే ఆయన అంతా విని, "మా రోజుల్లో దాన్ని గాలికి తిరగడం అనేవాళ్లంరా" అన్నాడు. తెనాలిలో నలభై ఏళ్లు మాస్టారుగా చేసిన మనిషి. పరీక్షల కాలంలో మా అమ్మ ఇక్కడికొస్తే తను ఊళ్లో ఒక్కడే సుఖంగా ఉంటానని ఆయనే పట్టుబట్టి పంపించాడు. మా అమ్మ అప్పుడొచ్చి ఇంకా వెళ్లలేదు. మా ఇంట్లో పరీక్షలు ఎప్పుడవుతాయో ఎవరికీ తెలియదు కదా.

ఇక చట్టం. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు రిటైరయ్యాక చట్టాలు చదువుతున్నారు. లిఫ్టులో నన్ను పట్టుకుని, "6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి నిర్బంధ విద్య అండీ, 2009 చట్టం, మీరు చేస్తున్నది నేరం" అన్నారు. నేనూ ఊరుకోకుండా చదివాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో నిర్బంధం అంటే ప్రభుత్వం చదువు చెప్పించి తీరాలని అర్థం. పదో సెక్షన్‌లో మాత్రం పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని రాశారు, చేర్పించకపోతే శిక్ష ఏమిటో రాయలేదు. ఇంటి బడి అనే మాట మంచికీ చెడుకీ ఎక్కడా లేదు. ఇదంతా చెప్పి, "శిక్ష సంగతి మీరు బెంగపెట్టుకోకండి సార్, చట్టం మర్చిపోయినా మేం రోజూ అనుభవిస్తున్నాం" అన్నాను. ఆయన మా ఫ్లోరు రాకుండానే దిగిపోయారు.

చదువు నాలుగు గోడల మధ్య ఉండకూడదని కదా మనం అనేది. కాబట్టి బయటికి. ఊళ్లో పిల్లలందరూ క్లాసుల్లో ఉన్న వేళ సాలార్‌జంగ్ మ్యూజియం ఖాళీగా ఉంటుంది, గంట గంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ గడియారం ముందు కుర్చీ కోసం కొట్టుకోనక్కర్లేదు అని ప్రిన్సిపాల్ గారు నెల ముందే ప్లానేశారు. వర్క్‌షీట్లు లామినేట్ చేశారు. పులిహోర కట్టారు. మూడు సిగ్నళ్లు దాటాక ఒకసారి, ఎనిమిది దాటాక ఒకసారి పెద్దది ఏదో చెప్పబోతే "దారిలో మాట్లాడకు" అన్నాం. అక్కడికెళ్లి చూస్తే గేటుకి తాళం. శుక్రవారం సెలవు. "అదే చెప్దామనుకున్నా" అంది పెద్దది.

పులిహోర ఉంది, ఎండ పెద్దగా లేదు, నయాపుల్ దాకా నడిచాం. మూసీ వాసనకి చిన్నోడు ముక్కు మూసుకుని, ఇది నదా అన్నాడు. నాకు టైంటేబుల్‌లో లేని పాఠం ఒకటి గుర్తొచ్చింది. 1908 సెప్టెంబరు 28న ఈ నదే ఊరి మీద పడింది. అదిగో అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ వరద పుణ్యమే. పిల్లలిద్దరూ పులిహోర చేతిలో పట్టుకుని నోరు తెరిచి విన్నారు. రెండేళ్లలో నేను చెప్పిన ఏ పాఠం అలా వినలేదు. నాకు గర్వంతో ఛాతీ ఉప్పొంగే లోపల పెద్దది, "అంటే చెట్టెక్కడం వచ్చినవాళ్లే కదా బతికింది. మరి మన టైంటేబుల్‌లో చెట్టెక్కడం ఎందుకు లేదు?" అంది.

జవాబు లేదు నా దగ్గర. ప్రిన్సిపాల్ దగ్గర ఉంది. మర్నాటి నుంచి గురువారం నాలుగింటికి 'చెట్టెక్కుట (థియరీ)' అని పీరియడ్ పెట్టారు. మా కాంపౌండులో ఉన్నవి ఎక్కడానికి వీల్లేని అశోక చెట్లు మాత్రమే కాబట్టి ప్రాక్టికల్స్ సంక్రాంతికి తెనాలిలో.

ఆ తర్వాత ఖగోళశాస్త్రం. కర్కటరేఖకి ఇవతల ఉన్న మనబోటి ఊళ్లకి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన దేనికీ పక్కన నీడ పడదు. హైదరాబాదుకి మే 9 దగ్గర ఒకసారి, ఆగస్టు 3 దగ్గర ఒకసారి. ఆగస్టులో మబ్బులుంటాయని మే నెలే ఖాయం చేశారు. ఎవరు చేశారో చెప్పను. మధ్యాహ్నం 12 దాటి పన్నెండు నిమిషాలకి నడిమిట్ట ఎండలో డాబా మీద, దానంతటది నిలబడేది ఇంట్లో ఇదొక్కటేనని తెచ్చిన పప్పుగుత్తిని మధ్యలో పెట్టి, నలుగురం చుట్టూ వంగి దాన్నే చూస్తున్నాం. శ్లాబు మీద అట్టు పోస్తే కాలేటట్టుంది. నీడ కొంచెం కొంచెంగా ముడుచుకుని, ముడుచుకుని, గుత్తి బుర్ర కిందికి దూరిపోయింది. నిజం చెప్పొద్దూ, ఒళ్లు గగుర్పొడిచింది. సరిగ్గా అప్పుడే వాటర్ ట్యాంకు చూడ్డానికి వచ్చిన వాచ్‌మన్ మమ్మల్నీ పప్పుగుత్తినీ మార్చి మార్చి చూసి, చెప్పులు విప్పేసి, "ఏం పూజ సార్?" అని అడిగాడు. ఆ సాయంత్రం నాకు వడదెబ్బ. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ మజ్జిగ కలుపుతూ ఎవరితోనూ అనకుండా గోడతో అంది.

అమ్మ అంటే గుర్తొచ్చింది. భిన్నాలు చెప్పడానికి ప్రిన్సిపాల్ గారు ఆరు చార్టులు చేశారు, పిజ్జా బొమ్మలతో. పిల్లలు పిజ్జా అడిగారు గానీ భిన్నాలు రాలేదు. ఒకరోజు బియ్యం కొలవడానికి అమ్మ తన సంచీలోంచి ఇత్తడి సోల, గిద్ద తీసింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పాట పాడినట్టు చెప్పుకుంటూ పోతుంటే చిన్నోడు వంటింట్లో బియ్యం మధ్య కూలబడి గిద్దతో కొలిచి కొలిచి కుంచానికి 64 గిద్దలని తేల్చాడు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని తెలిశాక ఇద్దరూ కాగితం తీసి పుట్టికి 5120 అని కట్టారు. పెద్దది, "నానమ్మా, అన్నీ రెట్టింపులే, అచ్చం కంప్యూటర్ లెక్క. మరి పుట్టి దగ్గరికొచ్చి 20 ఎందుకయింది?" అంటే అమ్మ, "కొలిపించింది కంప్యూటర్ కాదే, కరణం" అంది.

ఇది చూసి మురిసిపోయి మా ఆవిడ ఏం చేసిందంటే, సోమ బుధ శుక్రవారాల్లో 11.20 నుంచి 12 దాకా 'కొలతలు – నానమ్మ' అని పీరియడ్ పెట్టింది. ఆ రోజు నుంచి పిల్లలకి బియ్యం అంటే విసుగు. మా అమ్మ రెండో వారమే సీఎల్ అడిగింది.

బంధువుల తనిఖీల గురించి ఎక్కువ రాయను, ఏ పెళ్లికెళ్లినా ఒక మామయ్య చిన్నోణ్ణి మోకాళ్ల మధ్య ఇరికించుకుని పదిహేడో ఎక్కం అప్పజెప్పమంటాడు, వాడు "మీకొచ్చా?" అంటాడు, అంతటితో తనిఖీ ముగుస్తుంది. "మరి పదో తరగతి?" అంటారు. ఎన్‌ఐఓఎస్ అని కేంద్ర ప్రభుత్వానిదే ఓపెన్ బోర్డు ఉందండీ, 14 ఏళ్లు నిండితే ఇంటి నుంచే కట్టొచ్చు, పెయింటింగ్ కూడా సబ్జెక్టుగా తీసుకోవచ్చు అంటాను. ఓపెన్ అన్న మాట దగ్గరే వాళ్ల చెవులు మూసుకుపోతాయి. "అది ఫెయిలైనోళ్లు రాసేది కదయ్యా."

చివరగా, ఈ విజ్ఞప్తికి తక్షణ కారణమైన వానపాముల ప్రాజెక్టు. బాల్కనీలో నీలం టబ్బు, అడుగున కొబ్బరి పీచు పొట్టు, పైన మాగిన పశువుల ఎరువు, అర కిలో ఎర్ర వానపాములు. రోజూ కూరగాయల తొక్కలు వేస్తే రెండు నెలల్లో కంపోస్టు. ఉప్పు వెయ్యకూడదు, కారం వెయ్యకూడదు, నిమ్మతొక్కలు వెయ్యకూడదు అని లామినేట్ చేసి టబ్బుకి అంటించాం కూడా. కానీ చిన్నోడు దయార్ద్ర హృదయుడు. రోజూ చప్పటి సొరకాయ తొక్కలు తిని తిని వాటికి నోరు చచ్చిపోయి ఉంటుందని, పోయినేటి ఆవకాయ జాడీ అడుగున మిగిలింది మొత్తం ఊడ్చి టబ్బులో వేశాడు. ఆ రాత్రే వాన.

పొద్దున ఆరింటికి టబ్బు ఖాళీ. గోడ మీద పాములు, గ్రిల్లు మీద పాములు, వాన నీళ్ల గొట్టం వెంబడి బారులు తీరి కిందికి పోతున్నాయి. నేను వాటిని చూసి నిలబడిపోయాను, గేటు దూకి పారిపోతున్న పిల్లల్లాగే ఉన్నాయి. అప్పుడే ఫోను. కింది ఫ్లాటావిడ. "వదినా, మీ స్టూడెంట్లు కొంతమంది మా ఇంటికొచ్చారు."

మా ఇద్దరూ టార్చిలైటు, స్కేలు పట్టుకుని కిందికి పరిగెత్తి, ఆవిడ కొడుకుతో కలిసి చిప్పలో ఏరారు. నలభై మూడు దొరికాయి. ఏది ఎంత దూరం పోయిందో కొలిచారు. ఆవకాయ దగ్గర్నుంచి పారిపోయే జీవిని ఇంట్లో పెట్టుకోవడమేమిటని అమ్మ తన అభ్యంతరాన్ని రికార్డు చేయించింది.

గొడవ పెట్టుకుంటుందనుకున్న కింది ఫ్లాటావిడ రెండ్రోజుల తర్వాత సాయంత్రం వచ్చింది. కరివేపాకు మొక్కకి దోసెడు కంపోస్టు అడిగింది. తర్వాత కాసేపు తటపటాయించి, వాళ్లబ్బాయి పాముల గురించి తప్ప మాట్లాడట్లేదనీ, స్కూలు నుంచి రాగానే ఇక్కడికే వస్తానంటున్నాడనీ, సాయంత్రం బ్యాచ్‌లో ఏమైనా సీటు ఉంటుందా అనీ అడిగింది. ఫీజెంత? సిలబస్ స్టేటా, సీబీఎస్‌ఈనా? యూనిఫాం ఉంటుందా?

మా ఆవిడ నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, స్పష్టంగా, రెండుసార్లు. అమ్మ సోఫాలోంచి, "అడ్మిషన్ ఫీజు వేరని చెప్పు" అంది.

"వ్యాన్ ఫెసిలిటీ ఏమైనా..." అంది ఆవిడ, అలవాటు కొద్దీ. వాళ్లది రెండో అంతస్తు, మాది మూడో అంతస్తు. లిఫ్టు ఉందండీ అని నేను అనేలోపే లోపలి గదిలోంచి లామినేషన్ మిషన్ వేడెక్కుతున్న వాసన వచ్చింది.