సవరణ: ఊనోలో ప్లస్ టూ మీద ప్లస్ టూ చెల్లదు

సంక్రాంతికి కోనసీమ చేరే పిల్లల కోసం 1970ల నాటి ఆటలు సూచించిన టపాలో, ఊనో అనే రంగు ముక్కల ఆటలో తమ మీద ప్లస్ టూ (తర్వాతివారితో రెండు ముక్కలు తీయించే ముక్క) పడినవారు మరో ప్లస్ టూ వేసి తప్పించుకోవచ్చని రాశాను. అది తప్పు. పెట్టెలో వచ్చే నియమాల కాగితం ప్రకారం ఆ ముక్క ఎవరి మీద పడితే వారు రెండు ముక్కలు తీసుకుని, తమ వంతు వదులుకోవాలి. 2019లో తయారీదారులు కూడా ముక్కలు ఇలా పేర్చడం కుదరదని బహిరంగంగానే చెప్పారు. మా ఇంటి అరుగు మీది చట్టాన్ని అసలు నియమంగా రాసేశాను.

నాలుగు ముక్కలు తీయించే ప్లస్ ఫోర్ ఇంకా కఠినం. కింద పడి ఉన్న ముక్క రంగుదే మరొకటి చేతిలో ఉండగా దాన్ని వేయకూడదు. అనుమానం వస్తే పక్కవారు చేతిలోని ముక్కలు చూపించమనవచ్చు. దొంగాట బయటపడితే వేసినవారికే నాలుగు ముక్కలు. అనుమానం వట్టిదైతే అడిగినవారికి ఆరు! అసలు మజా ఇక్కడే ఉంది, పేర్చడంలో కాదు.

ఆటను మ్యాటెల్ అనే బొమ్మల సంస్థ కనిపెట్టిందని ఆ టపాలో అన్నదీ సరికాదు. 1971లో అమెరికాలోని ఒహాయోకు చెందిన మెర్ల్ రాబిన్స్ అనే క్షురకుడు రూపొందించాడు. మ్యాటెల్ చేతికి వచ్చింది 1992లో.

ఆ టపాలో ‘ముక్కలాట’ అన్నందుకు కొందరు పందెం పేకాట అనుకున్నారు. పండగపూట మన వైపు ఆ అనుమానం సహజమే. నేను చెప్పింది రంగు ముక్కల పిల్లల ఆట గురించి. పేర్చే పద్ధతే ఇష్టమైతే, ముక్కలు పంచకముందే అందరి చేతా ఒప్పించండి.